కొండ చుట్టూ 93 మైళ్ళు, ఒక ఎక్సెల్ షీటు

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి మౌంట్ రెయినీర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మబ్బు పట్టని రోజున ఆఫీసు కిటికీలోంచో, ఫ్రీవే మీంచో కనిపిస్తూనే ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పారడైజ్ దాకా కారులో తీసుకెళ్ళి, జులైలో కూడా కరగని మంచు చూపించి, నాలుగు ఫొటోలు తీసి, డబ్బాలో పట్టుకెళ్ళిన పులిహోర తినిపించి సాయంత్రానికల్లా ఇంటికి తీసుకొచ్చేస్తాం. అదో ఆనవాయితీ. అయితే ఈ మధ్య కొన్నేళ్ళుగా మన జనంలో ఇంకో సరదా మొదలైంది. ఆ కొండ చుట్టూ నడవడం.

14,410 అడుగుల ఆ కొండకి పూర్తి ప్రదక్షిణ చేసే బాట పేరు వండర్‌లాండ్ ట్రెయిల్. పొడవు 93 మైళ్ళు, అంటే 150 కిలోమీటర్లు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు కదా, దానికి దాదాపు ఐదింతలు. అక్కడిలా తారు రోడ్డూ ఉండదు, దారిలో మజ్జిగ ఇచ్చేవాళ్ళూ ఉండరు. కొండ మీంచి నలువైపులా దిగే నదుల్లోకి దిగడం, మళ్ళీ అవతలి గట్టు ఎక్కడం, ఇదే పని. మొత్తం ఎక్కుడు 22,000 అడుగుల పైమాటే. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం కాబట్టి దిగుడూ అంతే! మామూలు మనుషులకి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. (2020లో ఒకరిద్దరు 17 గంటల లోపే పరిగెత్తి పూర్తి చేశారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం.)

మనవాళ్ళు ఏదైనా మొదలెట్టారంటే ముందు ఎక్సెల్ షీటు తెరుస్తారు. తేదీ, క్యాంపు పేరు, మైళ్ళు, ఎక్కుడు, దిగుడు, తిండి బరువు, పర్మిట్ నంబరు. చివరి గడి దగ్గరే పేచీ వస్తుంది. పర్మిట్ దొరకదు. దానికోసం ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో లాటరీ. లాటరీ తగలనివాళ్ళంతా లంచ్ టేబుల్ దగ్గర ఒకటే మాట: "కొండ చుట్టూ నడవడానికి కూడా లాటరీ ఏంటండీ? హెచ్‌-1బి చాలదా?"

న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ షీటులో ప్రతి గడి వెనకా ఒక పాత తగువు ఉంది. కొన్ని తగవులు తీరాయి. కొన్ని తీరాయని ఒక పక్షంవాళ్ళు మాత్రమే అనుకుంటున్నారు. నాకు తెలిసినంత మేరకు ఆ కథ చెప్తాను.

ముందు పేరు దగ్గర మొదలెడదాం, ఎందుకంటే అందులో మన వాటా కూడా ఉంది. 1792లో జార్జ్ వాంకూవర్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ప్యూజెట్ సౌండ్‌లోకి ఓడ నడుపుకుంటూ వచ్చి, దూరాన కొండ చూసి, తన స్నేహితుడు పీటర్ రెయినీర్ పేరు పెట్టేశాడు. సదరు రెయినీర్‌గారు ఆ కొండని జన్మలో చూడలేదు. ఆయన పేరు మనకి దగ్గర్లోనే వినిపిస్తుంది. 1794 నుంచి 1805 దాకా బ్రిటిష్‌వాళ్ళ ఈస్ట్ ఇండీస్ నౌకాదళానికి ఆయనే అధిపతి, ముఖ్య స్థావరం మద్రాసు. టిప్పు సుల్తాన్‌తో ఆఖరి యుద్ధం జరిగిన రోజుల్లో ఈ తీరంలో ఓడలన్నీ ఆయన కిందే ఉండేవి. ఈ సముద్రాల్లో బాగానే వెనకేసుకుని, చనిపోతూ ఆస్తిలో పదో వంతు బ్రిటన్ జాతీయ ఋణం తీర్చడానికి రాసిచ్చాడు. మన తూర్పు తీరం మీద గస్తీ తిరిగిన మనిషి పేరు, వేల ఏళ్ళుగా వేరే పేరున్న కొండకి. అక్కడి తెగలవాళ్ళు దాన్ని తహోమా, తకోబా లాంటి పేర్లతో పిలిచేవాళ్ళు. 1890లో అమెరికా ప్రభుత్వపు పేర్ల బోర్డు రెయినీర్ అనే ఖాయం చేసింది. పేరు మార్చమని అడిగేవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఆ కొండ చుట్టూ ఉన్న పచ్చిక మైదానాల్లోకి నిస్క్వాలీ, పుయాలప్, మకల్‌షూట్, యాకమా, కౌలిట్జ్ తెగలవాళ్ళు ప్రతి వేసవి చివరా వచ్చేవాళ్ళు. హకిల్‌బెర్రీలు ఏరి ఎండబెట్టుకోవడం, కొండమేకల్ని వేటాడ్డం, చలి మొదలవగానే దిగిపోవడం. శిఖరం మీదకి మాత్రం వెళ్ళేవాళ్ళు కాదు. 1870లో హజార్డ్ స్టీవెన్స్, వాన్ ట్రంప్ అనే ఇద్దరు శిఖరం ఎక్కడానికి వచ్చినప్పుడు స్లూస్కిన్ అనే స్థానికుడు వాళ్ళకి దారి చూపించి, చెట్లు ఆగిపోయే ఎత్తు దాకా తీసుకెళ్ళి, పైకి మాత్రం వెళ్ళొద్దని బతిమాలాడు. వాళ్ళు వినలేదు. పైకి ఎక్కాక చీకటి పడితే, అగ్నిపర్వతం బిలంలో ఆవిరి వచ్చే మంచు గుహలో రాత్రంతా తలదాచుకున్నారు. ఒక పక్క కాలుతూ, ఇంకో పక్క గడ్డకడుతూ. రాత్రి బస ప్లాను లేకుండా బయల్దేరినవాళ్ళలో రికార్డులకెక్కిన మొదటి బ్యాచ్ వాళ్ళే అనుకోవచ్చు :)

తర్వాత 1883లో జేమ్స్ లాంగ్‌మైర్ అనే ఆసామి శిఖరం నుంచి దిగొస్తూ ఖనిజ నీటి ఊటలు చూసి, వాటి చుట్టూ స్నానాల కొట్టు, హోటలు పెట్టేశాడు. ఇప్పుడు చాలామంది ప్రదక్షిణ మొదలెట్టే లాంగ్‌మైర్ అదే. ఆ బృందానికి దారి చూపించినవాడు సోటోలిక్ అనే స్థానికుడు. తెల్లవాళ్ళు ఆయన్ని "ఇండియన్ హెన్రీ" అనేవాళ్ళు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1899 మార్చి 2న ప్రెసిడెంట్ మెకిన్లీ సంతకంతో అమెరికాలో ఐదో నేషనల్ పార్కుగా రెయినీర్ ఏర్పడింది. పుస్తకాల్లో దీన్ని ప్రకృతి ప్రేమికుల విజయంగా రాస్తారు, కొంతవరకు నిజమే. జాన్ మ్యూర్ లాంటివాళ్ళు దీనికోసం పాటుపడ్డారు. అయితే ఆ చట్టంలోనే ఇంకో సంగతి ఉంది. పార్కు లోపల నార్తర్న్ పసిఫిక్ రైల్వే కంపెనీకి భూములుండేవి. అంటే మంచూ, రాళ్ళూ. వాటిని ప్రభుత్వానికి ఇచ్చేసి, బదులుగా వేరేచోట ప్రభుత్వ భూములు ఎంచుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. వాళ్ళు మంచు ఇచ్చి మంచి కలప ఉన్న అడవులు పుచ్చుకున్నారు. రియల్ ఎస్టేట్ తెలిసిన మనవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇహ బాట సంగతి. వండర్‌లాండ్ ట్రెయిల్ మనలాంటివాళ్ళ సరదా కోసం వేసింది కాదు. పార్కు రేంజర్లకి గస్తీ తిరగడానికి దారి కావాలి. మంటలంటుకుంటే ఆర్పాలి, దొంగచాటు వేటగాళ్ళని పట్టుకోవాలి. అందుకని కొండ చుట్టూ అక్కడక్కడా చెక్క గుడిసెలు కట్టి, వాటి మధ్య బాటలు వేస్తూ పోయారు. 1915 నాటికి ముక్కలన్నీ కలిసి చుట్టు పూర్తయింది. ఆ వేసవిలోనే సియాటిల్‌లోని మౌంటెనీర్స్ క్లబ్బు (1906లో పెట్టింది) వాళ్ళ వార్షిక యాత్రగా డజన్లకొద్దీ మనుషులతో కొండ చుట్టూ తిరిగొచ్చింది. వాళ్ళ ఏర్పాట్లు చూస్తే మనకి కుళ్ళు పుడుతుంది. వంటవాళ్ళున్నారు, సామాన్లు మోయడానికి గుర్రాల దండు ఉంది, రాత్రిళ్ళు పెద్ద నెగడు చుట్టూ పాటలు, నాటకాలు. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది నాయకుడు గడ్డి, నీళ్ళు చూసి నిర్ణయించేవాడు. పర్మిట్ లేదు. లాటరీ లేదు.

సరిగ్గా అదే సంవత్సరం, 1915లో, కొండకి ఈశాన్యాన ఉన్న యాకిమా పార్క్ మైదానాల్లోకి (ఇప్పుడు సన్‌రైజ్ విజిటర్ సెంటర్ ఉన్న చోటు) యాకమా తెగవాళ్ళ బృందం ఒకటి ఎప్పట్లాగే వేటకి వచ్చింది. విషయం తెలిసి పార్కు అధికారులు రేంజర్లని పంపారు. ఇది నేషనల్ పార్కు, ఇక్కడ వేట నిషేధం అని వాళ్ళు చెప్తే, తెగ పెద్ద 1855లో అమెరికా ప్రభుత్వంతో తమవాళ్ళు చేసుకున్న ఒప్పందం కాగితం తీసి చూపించాడు. ఎవరూ ఆక్రమించని బహిరంగ భూముల్లో వేటాడుకునే హక్కు, పళ్ళూ దుంపలూ ఏరుకునే హక్కు ఆ ఒప్పందంలో రాసి ఉన్నాయి. పార్కు అయ్యాక అది "బహిరంగ భూమి" కిందకి రాదని ప్రభుత్వం తేల్చింది. వాదన అక్కడితో ముగిసింది, కనీసం ప్రభుత్వం దృష్టిలో.

ఈ రెండు సంఘటనలూ ఒకే ఏడాది జరిగాయన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒకవైపు గుర్రాల దండుతో, వంటవాళ్ళతో, పాటలు పాడుకుంటూ కొండ చుట్టూ తిరిగినవాళ్ళు. ఇంకోవైపు తాతల కాలం నుంచీ వస్తున్న చోటికి వస్తే "మీకు అనుమతి లేదు" అనిపించుకున్నవాళ్ళు. "ఒకప్పుడు అందరూ హాయిగా తిరిగేవాళ్ళు, ఇప్పుడే ఈ పర్మిట్ల గోల" అని ఎవరైనా అంటే నాకు 1915 గుర్తొస్తుంది. ఆ "అందరూ"లో ఎవరెవరున్నారో చూసుకోవాలి. లాంగ్‌మైర్ నుంచి సవ్యదిశలో నడిస్తే మొదటి రోజో రెండో రోజో "ఇండియన్ హెన్రీస్ హంటింగ్ గ్రౌండ్" అనే అందమైన పూల మైదానం వస్తుంది. అందరూ ఆగి ఫొటోలు తీసుకుంటారు. పైన చెప్పిన సోటోలిక్ పేరే అది, ఆయన వేటాడిన చోటు. అక్కడొక పాత చెక్క గుడిసె ఇప్పటికీ నిలబడి ఉంది. వేటగాళ్ళు రాకుండా కాపలా కాయడానికి 1910లలో కట్టిన రేంజరు గుడిసె. పేరు వేటగాడిది, గుడిసె కాపలావాడిది. (2016లో వచ్చిన ఒక నిబంధన ప్రకారం పార్కులతో ఒప్పందం చేసుకున్న తెగలు సంప్రదాయ అవసరాలకి మొక్కలు, ఆకులు సేకరించుకోవచ్చు. వేట సంగతి మాత్రం అందులో లేదు.)

సరే, బాట వేశారు. ఆ బాట ఇవాళ్టికీ బాటగానే ఉండటం కూడా తనంతట తాను జరిగింది కాదు. కారు వచ్చేసింది కదా! 1907 ప్రాంతంలోనే రెయినీర్‌లోకి కార్లు రానిచ్చారు. నేషనల్ పార్కుల్లో ఇదే మొదటిది. 1911లో ప్రెసిడెంట్ టాఫ్ట్ పారడైజ్‌కి కారులో వెళ్తానంటే, బురదలో కూరుకుపోయిన ఆ కారుని కంచరగాడిదలతో లాగించారు. 1920లకొచ్చేసరికి కొండ చుట్టూ పూర్తిగా రింగు రోడ్డు వేద్దామన్న ఆలోచన గట్టిపడింది. కారులో కూర్చుని ఒక్క రోజులో ప్రదక్షిణ! పడమటి వైపు వెస్ట్‌సైడ్ రోడ్డు పేరుతో పని మొదలుపెట్టేశారు కూడా. 1930ల నడుమకి నార్త్ పుయాలప్ నది దాకా వచ్చింది.

దాన్ని ఆపినవాళ్ళలో ముఖ్యులు మళ్ళీ ఆ మౌంటెనీర్స్ క్లబ్బువాళ్ళే. పార్కులో కొంత భాగాన్నైనా రోడ్లూ హోటళ్ళూ లేకుండా వదిలేయమని పట్టుబట్టారు. 1928లో పార్క్ సర్వీసు కొన్ని ప్రాంతాలని అలా కేటాయించింది. ఆ తర్వాత డబ్బుల కరువు, యుద్ధం, రోడ్డుకి అడ్డంగా ఉన్న లోయలు, అన్నీ కలిసొచ్చి రింగు పూర్తి కాలేదు. వేసిన ముక్కని కూడా కొండ ఊరుకోలేదు. సౌత్ తహోమా హిమనది లోపల్నుంచి నీళ్ళు ఒక్కసారిగా బద్దలై బురద వరదలు రావడంతో 1980ల చివర్లో మొదటి మూడు మైళ్ళు తప్ప మిగతా రోడ్డు కార్లకి మూసేశారు. ప్రదక్షిణలో నార్త్ పుయాలప్ క్యాంపు దగ్గరికి వచ్చినప్పుడు అడవి మధ్యలో హఠాత్తుగా వెడల్పాటి చదును దారి కనిపిస్తుంది. ఆ రింగు రోడ్డు తాలూకు అస్థికలు అవే. అది పూర్తయి ఉంటే ఇవాళ వండర్‌లాండ్ ట్రెయిల్ అనేది పక్కనే కార్ల హారన్లు వినిపించే ఫుట్‌పాత్ అయ్యుండేది.

చట్టపరంగా తలుపు వేసింది మాత్రం చాలా ఆలస్యంగా. 1964 సెప్టెంబరు 3న విల్డర్‌నెస్ చట్టం వచ్చింది. దాని చిత్తు ప్రతి రాసినవాడు హోవర్డ్ జానైజర్. ఎనిమిదేళ్ళపాటు 66 ప్రతులు తిరగరాశాడు. మన ప్రాజెక్టుల్లో ఆరో వెర్షన్‌కే జనం రాజీనామా చేస్తారు! పాపం, చట్టం మీద సంతకం పడటానికి నాలుగు నెలల ముందు, మే నెలలో గుండెజబ్బుతో పోయాడు. అడవిని వర్ణించడానికి ఆయన "అన్‌ట్రామెల్డ్" అనే మాట వెతికి పట్టుకున్నాడు. చాలామంది దాన్ని "తొక్కబడని" అని చదువుకుంటారు. అసలు అర్థం "కాళ్ళకి బంధం వేయని". పశువు కాళ్ళకి వేస్తామే, ఆ బందం లేనిది. మనిషి వెళ్ళకూడదని ఆయన అనలేదు. వెళ్ళి అక్కడ పెత్తనం చేయకూడదన్నాడు. 1988లో వాషింగ్టన్ రాష్ట్రపు పార్కుల కోసం చేసిన చట్టంతో రెయినీర్ పార్కులో దాదాపు 97 శాతం ఈ గొడుగు కిందకి వచ్చింది. ఇక రింగు రోడ్డు వేయాలంటే అమెరికన్ కాంగ్రెస్ కొత్తగా చట్టం చేయాల్సిందే.

కార్లు ఆగాయి కానీ కాళ్ళు ఆగలేదు. 1960ల చివర్లో, 70ల మొదట్లో బ్యాక్‌ప్యాకింగ్ ఒక్కసారిగా ఊపందుకుంది. నైలాను గుడారాలు, అల్యూమినియం చట్రం సంచులు తేలిగ్గా దొరకడం మొదలయ్యాయి. (సియాటిల్ ఆర్‌ఈఐ కథ తెలుసుగా? 1938లో లాయిడ్, మేరీ ఆండర్సన్ దంపతులు ఆస్ట్రియా నుంచి మంచు గొడ్డలి చవగ్గా తెప్పించుకోవడానికి స్నేహితులతో కలిసి పెట్టిన సహకార సంఘం. అంటే మన పాల సొసైటీ లాంటిది. ఇప్పుడందులో ఒక జాకెట్టు కొనాలంటే ఈఎమ్‌ఐ పెట్టుకోవాలి, అది వేరే విషయం.) జనం పెరిగారు. ఆ ఎత్తులో మంచు లేని రోజులు ఏడాదికి రెండు మూడు నెలలే. ఒక గడ్డి దుబ్బు, ఒక హెదర్ పొద నిలదొక్కుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. దాని మీద ఒక గుడారం వారం రోజులు వేస్తే చాలు, మట్టి బయటపడుతుంది. ఆ మట్టి మంచు కరిగిన నీళ్ళకి కొట్టుకుపోతుంది. మళ్ళీ గడ్డి మొలవడానికి మన జీవితకాలం సరిపోకపోవచ్చు. దాంతో 1970లలో రాత్రి బసలకి పర్మిట్లు, నిర్ణీత క్యాంపులు, ఒక్కో క్యాంపుకి ఇన్నే చోట్లు అన్న లెక్క వచ్చాయి. నెగళ్ళు బంద్. 1915 నాటి పాటలూ నాటకాలూ ఎవరైనా ఇప్పుడు చేసుకోవాలంటే చిన్న గ్యాసు స్టవ్ చుట్టూ చేసుకోవాలి.

షీటులో చివరి గడి పుట్టింది ఇక్కడ. ఇది మనబోటివాళ్ళకి తెలిసిన తరహా సమస్యే, కాస్త మొండిది. బాట పొడుగునా ఇరవై దాకా క్యాంపులున్నాయి. కొన్నింట్లో ఏడెనిమిది చోట్లు, డిక్ క్రీక్ లాంటి చోట రెండే రెండు. ఒక్కో చోట ఐదుగురి దాకా ఉండొచ్చు. పదకొండు రాత్రులు కావాలంటే పదకొండు క్యాంపులూ వరసగా, మనం నడవగలిగే దూరంలో, అవే తేదీల్లో ఖాళీగా ఉండాలి. మధ్యలో ఒక్క రాత్రి దొరక్కపోతే గొలుసు తెగిపోతుంది. మంచు కరిగి బాట తేలేది జులై చివరికి, మళ్ళీ వానలు సెప్టెంబరు చివరికి. అంటే అందరూ అవే ఎనిమిది తొమ్మిది వారాల కోసం కొట్టుకోవాలి. సమ్మర్‌ల్యాండ్, ఇండియన్ బార్ లాంటి అందమైన చోట్లు అందరికీ కావాలి, అవి చిన్నవి.

ఒకప్పుడు ఈ దరఖాస్తులు ఫ్యాక్సులో, పోస్టులో వెళ్ళేవి. మార్చిలో రేంజర్లు గుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి చేత్తో సర్దేవాళ్ళు. 2016 మార్చిలో ఆ రిజర్వేషన్ల కంప్యూటరు వ్యవస్థ కుప్పకూలింది. ఆ ఏడాది రిజర్వేషన్లే రద్దు. ఎవరు ముందొచ్చి కిటికీ దగ్గర నిలబడితే వాళ్ళకి పర్మిట్. వేసవంతా జనం తెల్లారకముందే రేంజరు ఆఫీసుల ముందు క్యూ కట్టారు. (బ్యాకప్ గురించి ఎవరూ అడక్కండి. మన వృత్తి పరువు పోతుంది.) ఇప్పుడు రిక్రియేషన్ డాట్ గవ్‌లో లాటరీ. నెగ్గినవాళ్ళకి మిగతావాళ్ళకంటే ముందు బుక్ చేసుకునే సమయం ఇస్తారు. మొత్తం చోట్లలో సుమారు మూడింట రెండొంతులు ఇలా పోతాయి. మిగతావి వచ్చి అడిగినవాళ్ళకి అప్పటికప్పుడు ఇస్తారు. నా మటుకు నాకు ఆ మూడో వంతు ముఖ్యమనిపిస్తుంది. ఆరు నెలల ముందు సెలవు ఖాయం చేసుకోలేనివాడికి, క్రెడిట్ కార్డూ వేగమైన నెట్టూ లేనివాడికి మిగిలిన దారి అదొక్కటే. అది కూడా ఆన్‌లైన్‌లోకి వెళ్ళాలని మనవాళ్ళు కొందరు వాదిస్తుంటారు, సౌకర్యం కదా అని. ఎవరికి సౌకర్యం అన్నది 1915లోనూ ఉన్న ప్రశ్నే.

మిగతా గడులు త్వరగా చెప్పేస్తాను. తిండి: రోజుకి మనిషికి సుమారు ఒక కిలో. పన్నెండు రోజులది ఒకేసారి మోయలేం కాబట్టి గట్టి ప్లాస్టిక్ బకెట్లలో సర్ది ముందే లాంగ్‌మైర్, సన్‌రైజ్ లాంటి చోట్లకి చేర్చి, దారిలో తీసుకోవాలి. పాత గుర్రాల పని ఈ బకెట్లు చేస్తాయన్నమాట. స్టవ్ గ్యాసు మాత్రం పోస్టులో పంపకూడదు. అటుకులు, పప్పుల పొడి, వేయించిన ఉప్మా రవ్వ, ఎండబెట్టిన పప్పుచారు, ఇవి అమెరికన్ ప్యాకెట్లకంటే తేలికా, చవకా. ఎలుగుబంట్లకి అందకుండా తిండి సంచీ వేలాడదీయడానికి క్యాంపుల్లో ఇనప స్తంభాలుంటాయి. ఇంగువ వాసనకి ఎలుగుబంట్లు ఎలా స్పందిస్తాయో ఎవరూ పరిశోధించినట్టు లేదు.

నదులు: ఇది మాత్రం సీరియస్. హిమనదుల్లోంచి వచ్చే నీళ్ళు పొద్దున తక్కువ, ఎండెక్కేకొద్దీ మంచు కరిగి సాయంత్రానికి ఉధృతం. అందుకని దాటాల్సిన నదిని షీటులో పొద్దుటి పూటకి పెట్టుకోవాలి. చాలాచోట్ల వంతెన అంటే ఒక దుంగ, దానికో చేతిపట్టు. అవి ఏటా కొట్టుకుపోతుంటాయి, సిబ్బంది ఏటా మళ్ళీ వేస్తుంటారు. 2006 నవంబరులో 36 గంటల్లో 18 అంగుళాల వాన పడి రోడ్లు, క్యాంపులు, బాటలు కొట్టుకుపోతే పార్కు ఆరు నెలలు మూసేశారు. కార్బన్ నది పక్కన కార్లు తిరిగే రోడ్డు ఆ దెబ్బకి నడక బాట అయిపోయింది.

పారడైజ్ వైపు చివరి అంకంలో ఒక చిన్న ఆశ్చర్యం ఉంటుంది. బాటకి కాస్త పక్కనే పారడైజ్ నది మీద ఒక జలపాతం, పేరు నారద ఫాల్స్. అవును, మన నారదుడే. 1893లో టకోమా ఊరి దివ్యజ్ఞాన సమాజం శాఖవాళ్ళు పెట్టిన పేరు. ఆ సమాజం ప్రధాన కార్యాలయం 1882 నుంచీ మద్రాసు అడయారులోనే. అంటే కొండ పేరు వెనకా మద్రాసే, జలపాతం పేరు వెనకా మద్రాసే. మూడు లోకాలూ పర్మిట్ లేకుండా తిరిగినవాడి పేరు, పర్మిట్ లేకుండా రాత్రి గడపడానికి వీల్లేని చోట!

ఈ ఏడాది షీటు మొదలెట్టేవాళ్ళకి ఒక్క సంగతి. పార్కు వాయవ్య మూలకి వెళ్ళే దారిలో కార్బన్ నది మీద 1921లో కట్టిన ఫెయిర్‌ఫాక్స్ వంతెన ఉండేది కదా. తుప్పు పట్టి బలహీనపడిందని 2025 ఏప్రిల్‌లో దాన్ని శాశ్వతంగా మూసేశారు. దాంతో మోవిచ్ లేక్‌కి కారు వెళ్ళదు. అక్కడ నడక మొదలెట్టడం, అక్కడికి కారులో తిండి బకెట్ చేర్చడం రెండూ పోయాయి. లాంగ్‌మైర్ నుంచి సవ్యదిశలో బయల్దేరితే మళ్ళీ బకెట్ అందేది సన్‌రైజ్ దగ్గరే, అంటే 60 మైళ్ళకి కాస్త తక్కువ. ఏడు రోజుల తిండి వీపు మీద వేసుకుని మొదటి ఎక్కుళ్ళు ఎక్కాలి. అపసవ్యంగా వెళ్తే మొదటి 35 మైళ్ళు తేలిగ్గా నడిచి, సన్‌రైజ్‌లో బకెట్ తీసుకున్నాక బరువు మొదలవుతుంది. అప్పటికి కాళ్ళు అలవాటు పడి ఉంటాయి. ప్రదక్షిణ అపసవ్యం ఏమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అడిగితే మాత్రం జవాబు మీరే వెతుక్కోవాలి.